గాజాలో అంత మంది ఎందుకున్నారు? ఒక పట్టీ, ఒక భాగహారం

గాజా మీద ఒక ఎపిసోడ్ చేయమని చాలా రోజులుగా అడుగుతున్నారు. నేను కావాలనే వాయిదా వేస్తూ వచ్చాను. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని కామెంట్స్‌లో కొట్టుకోవడమే తప్ప, అసలు ఆ నేల ఏంటి, అక్కడ జనం ఏం తిని బతికారు అనేది ఎవరూ మాట్లాడట్లేదు. ఈరోజు మనం అదే మాట్లాడుకుందాం. మ్యాపు, జనాభా, డబ్బు. ఈ మూడే.

ముందు సైజు. గాజా పొడవు 41 కిలోమీటర్లు. విజయవాడలో బైక్ ఎక్కి గుంటూరు దాటి కాస్త ముందుకెళ్తే అయిపోతుంది. వెడల్పు కొన్ని చోట్ల 6 కిలోమీటర్లు, దక్షిణాన 12. మొత్తం 365 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్ఎంసీ పరిధి 650 అనుకుంటే, అందులో సగం కంటే కాస్త ఎక్కువ. 2023లో యుద్ధం మొదలయ్యే ముందు అక్కడ సుమారు 22 లక్షల మంది ఉన్నారు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 6 వేలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. న్యూస్‌లో ఎప్పుడూ "ప్రపంచంలోనే అత్యంత కిక్కిరిసిన చోటు" అంటారు కదా. 2011 లెక్కల ప్రకారం మన హైదరాబాద్ జిల్లాలోనే చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా ఉన్నారు. అంటే గాజాకు మూడు రెట్లు. మరి మనం ఎలా బతుకుతున్నాం? ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ అయినా బతుకుతున్నాం కదా! ఎందుకంటే మన మంచినీళ్లు నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వస్తాయి. కూరగాయలు చుట్టుపక్కల జిల్లాల నుంచి లారీల్లో వస్తాయి. కరెంటు ఎక్కడో తయారవుతుంది. పండక్కి ఊరెళ్లిపోతాం. నగరం అంటే చుట్టూ ఉన్న పల్లెల మీద బతికే ప్రాణి. గాజాకి ఆ చుట్టూ ఉన్నదే లేదు. సమస్య ఇరుకు ఒక్కటే కాదు, అసలు సంగతి ఆ తెగిపోవడంలో ఉంది.

ఇంజినీర్ బుద్ధి కదా, నాకు భాగహారం కనపడితే పైనా కిందా రెండూ చూడాలనిపిస్తుంది. డెన్సిటీ అంటే పైన జనం, కింద నేల. అందరూ పైన ఉన్న నంబర్ గురించే మాట్లాడతారు. వాళ్లకి పిల్లలు ఎక్కువ అంటారు. మరి కింద 365 అనే నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది?

పాత కాలంలో గాజా పట్టీ అనే ప్రాంతమే లేదు. గాజా అనే ఊరు మాత్రం ఉంది, చాలా పాతది. ఈజిప్టు నుంచి సిరియా వైపు వెళ్లే సముద్రతీర దారి మీద, సినాయ్ ఎడారి దాటగానే తగిలే మొదటి పెద్ద ఊరు. క్రీస్తు పూర్వం 332లో అలెగ్జాండర్ ఈజిప్టుకి పోతూ ఇక్కడ రెండు నెలలు ముట్టడి వేయాల్సి వచ్చింది, భుజానికి గాయం కూడా అయ్యింది. యెమెన్ వైపు నుంచి ఒంటెల మీద వచ్చే సాంబ్రాణి ఇక్కడే ఓడ ఎక్కేది. తర్వాత బైజాంటైన్ కాలంలో గాజా ద్రాక్ష సారాయి ఎంత ఫేమస్ అంటే, దాన్ని పంపిన మట్టి జాడీల ముక్కలు యూరప్‌లో తవ్వకాల్లో దొరికాయి. 19వ శతాబ్దం చివర్లో గాజా బార్లీ బ్రిటన్‌కి పోయేది, అక్కడ బీరు కాయడానికి. అంటే దారుల మీద బతికిన ఊరు ఇది. దారి తెరిచి ఉంటే డబ్బు.

ఇప్పుడు 1948కి వద్దాం. బ్రిటిష్ వాళ్లు పాలస్తీనా వదిలి వెళ్లారు, ఇజ్రాయెల్ ఏర్పడింది, అరబ్ దేశాలు యుద్ధానికి దిగాయి. యుద్ధంలో ఈజిప్టు సైన్యం చివరికి ఎక్కడ నిలబడిందో, అక్కడ 1949 ఫిబ్రవరి 24న రోడ్స్ దీవిలో ఒప్పందం కుదిర్చి గీత గీశారు. మధ్యవర్తి రాల్ఫ్ బంచ్, దీనికే ఆయనకు 1950లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ గీత లోపల మిగిలిందే గాజా పట్టీ. బ్రిటిష్ కాలంలో ఉన్న గాజా జిల్లాలో ఇది సుమారు మూడోవంతు. నది, కొండ లాంటివేవీ చూసి గీసిన గీత కాదిది. ఎక్కడ కాల్పులు ఆగాయో అదే సరిహద్దు. చాలా ఊళ్లకి ఇళ్లు ఇటు, పొలాలు అటు.

పైన ఉన్న నంబర్ సంగతి కూడా అదే ఏడాది తేలిపోయింది. ఆ పట్టీలో స్థానికులు దాదాపు 80 వేల మంది. యుద్ధంలో తమ ఊళ్ల నుంచి పారిపోయి, లేదా తరిమేస్తే వచ్చిన శరణార్థులు 2 లక్షలకు పైగా. అర్థమవుతోందా? మీ ఊళ్లో వంద ఇళ్లుంటే, ఒక్క ఏడాదిలో ఇంకో రెండొందల యాభై కుటుంబాలు వచ్చి మీ పొలాల్లో గుడారాలు వేసుకున్నాయి, వాళ్లకి వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే 2023 దాకా కూడా గాజా జనంలో సుమారు 70 శాతం మంది శరణార్థుల కుటుంబాలే. ఐక్యరాజ్యసమితి యూఎన్ఆర్‌డబ్ల్యూఏ అనే సంస్థ పెట్టి 1950 మే నుంచి రేషన్, బడి, ఆసుపత్రి చూసుకుంది. ఎనిమిది క్యాంపులు. గుడారాలు మట్టి ఇళ్లయ్యాయి, మట్టి ఇళ్లు సిమెంటు ఇటుకలయ్యాయి, తర్వాత ఒక్కో పెళ్లికి ఒక్కో అంతస్తు లేచింది. గాజా నగరం పక్కనే సముద్రం ఒడ్డున షాతి క్యాంపు ఉంది. అర చదరపు కిలోమీటరు. అందులో 90 వేల మంది శరణార్థులుగా నమోదయ్యారు. ప్రపంచ రికార్డు మాట వాడాలంటే ఇలాంటి చోట్లకి వాడాలి.

పిల్లలు ఎక్కువ అన్నది కూడా నిజమే, దాచక్కర్లేదు. 1990ల మొదట్లో ఒక్కో మహిళకు సగటున ఏడుగురి కంటే ఎక్కువ. ఇటీవలి సర్వేల్లో నాలుగు దగ్గరికి వచ్చింది. 1967లో మూడున్నర లక్షలు ఉన్న జనాభా 1997కి 10 లక్షలు, 2017కి దాదాపు 19 లక్షలు. సగం మంది పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లే. బడులు రెండు షిఫ్టుల్లో నడిచేవి.

ఈ మధ్యలో మన వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. 1956 సూయజ్ యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి శాంతి సేన గాజాలో దిగింది, అందులో భారత సైనికులు 1967 దాకా ఉన్నారు. 1960లో నెహ్రూ స్వయంగా గాజా వెళ్లి వాళ్లని కలిశారు. చివరి కమాండర్ కూడా మనవాడే, మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. 1967 జూన్ యుద్ధంలో సేన ఇంకా పూర్తిగా ఖాళీ చేయకముందే కాల్పులు మొదలై, మన సైనికులు కొందరు అక్కడే చనిపోయారు. స్కూల్ పుస్తకాల్లో నేను ఎక్కడా చదవలేదు ఇది.

ఇక డబ్బు సంగతి. ఈజిప్టు 1948 నుంచి 67 దాకా గాజాని మిలిటరీ పాలనలో ఉంచింది కానీ తనలో కలుపుకోలేదు, జనానికి పౌరసత్వం ఇవ్వలేదు. ఆ కాలంలో నారింజ తోటలు బాగా పెరిగాయి, పండ్లు తూర్పు యూరప్‌కి పోయేవి. 67లో ఇజ్రాయెల్ ఆక్రమించాక కథ మారింది. ఇజ్రాయెల్‌లో బిల్డింగులు కట్టడానికి, పొలాల్లో పనికి కూలీలు కావాలి. గాజా మగవాళ్లు తెల్లారకముందే బస్సెక్కి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు. 1980ల చివరికి పనిచేసే వాళ్లలో సుమారు 40 శాతం మంది అలాంటి వాళ్లే. ఇళ్లల్లో టీవీలు వచ్చాయి, ఫ్రిజ్‌లు వచ్చాయి. కానీ గాజాలో ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. మన పాలమూరు వలసలు గుర్తొచ్చాయి నాకు ఇది చదువుతుంటే. కూలీ డబ్బుతో ఇల్లు గడుస్తుంది, ఊరు మాత్రం ఎదగదు. తేడా ఏంటంటే, పాలమూరు వాడికి బస్టాండ్ మూసేసేవాడు లేడు.

గాజాలో మూశారు. 1987 డిసెంబర్‌లో జబాలియా క్యాంపు దగ్గర మొదటి ఇంతిఫాదా మొదలైంది. 1991 నుంచి పర్మిట్ లేకుండా బయటికి పోకూడదన్నారు, 90ల మధ్యలో చుట్టూ కంచె వచ్చింది. దాడులు జరిగిన ప్రతిసారీ గేటు మూత. ఇజ్రాయెల్ వాళ్ల భయం కల్పితం కాదు, బస్సుల్లో బాంబులు నిజంగానే పేలాయి. కానీ గేటు మూస్తే పడేది మేస్త్రీ కూలీ మీద. మధ్యలో ఆశ కూడా కనిపించింది. 1998 నవంబర్‌లో రఫా దగ్గర సొంత విమానాశ్రయం తెరిచారు, డిసెంబర్‌లో క్లింటన్ వచ్చారు. మూడేళ్లు గడిచాక 2002 నాటికి రన్‌వే బుల్డోజర్ల కింద పోయింది. 2000లో సముద్రంలో గాజా మెరైన్ గ్యాస్ బయటపడింది. ఇంత వరకు అందులోంచి ఒక్క సిలిండర్ గ్యాస్ తీయలేదు.

2005 గురించి రెండు వైపులా అరిచేవాళ్లున్నారు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. అప్పటిదాకా లోపల 21 ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్లు ఉండేవి. సుమారు 8 వేల మంది, కానీ సైనిక జోన్లతో కలిపి ఐదోవంతు దాకా భూమి వాళ్ల కిందే. ఆ ఏడాది ఇజ్రాయెల్ వాళ్లందరినీ వెనక్కి తీసుకెళ్లింది. వాళ్ల గ్రీన్‌హౌస్‌లను అమెరికన్ దాతలు 14 మిలియన్ డాలర్లు పెట్టి కొని పాలస్తీనా వాళ్లకి ఇప్పించారు. కొన్నింటిని జనం లూటీ చేశారు, అది నిజం. మిగతావి బాగుచేసి పంట తీశారు, ఇదీ నిజం. తీరా పంట చేతికొచ్చాక కార్ని గేటు రోజుల తరబడి మూసే ఉంది. స్ట్రాబెర్రీలు, టమాటాలు పెట్టెల్లోనే కుళ్లాయి. ఇంటర్నెట్‌లో మొదటి సగమే తిరుగుతుంది, లేదా రెండో సగమే. రెండూ కలిపి చెప్పేవాళ్లు తక్కువ.

2006 ఎన్నికల్లో 132 సీట్లకు 74 హమాస్ గెలిచింది. 2007 జూన్‌లో ఫతాతో వీధి యుద్ధం చేసి గాజాని పూర్తిగా చేతిలోకి తీసుకుంది. దాని నుంచి రాకెట్లు, ఇజ్రాయెల్, ఈజిప్టు వైపు నుంచి దిగ్బంధం. ఒక మనిషికి రోజుకి 2,279 క్యాలరీలు కావాలి, ఎన్ని లారీలు వదలాలి అని ఇజ్రాయెల్ అధికారులు లెక్కగట్టిన కాగితం కోర్టు కేసు తర్వాత 2012లో బయటికొచ్చింది. అది డ్రాఫ్టే, అమలు చేయలేదని వాళ్లన్నారు. రఫా కింద వందల సొరంగాలు తవ్వారు. సిమెంటు, పెట్రోలు, మేకలు, చివరికి ఈజిప్టు నుంచి కేఎఫ్‌సీ చికెన్ బకెట్లు కూడా ఆ దారిలోనే వచ్చాయి. ఆ సొరంగాల మీద హమాస్ పన్ను వసూలు చేసింది. యుద్ధానికి వేరే సొరంగాలు తవ్వుకుంది. 2013 తర్వాత ఈజిప్టు వాటిని నీళ్లు నింపి, పేల్చి మూసేసింది. జాలర్లకి ఒప్పందం ప్రకారం 20 నాటికల్ మైళ్లు, నిజంగా వదిలింది చాలాసార్లు ఆరు, ఒక్కోసారి మూడు.

నీళ్ల ముచ్చట కోనసీమ వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. బోర్లు ఎక్కువ తోడితే సముద్రం ఉప్పు లోపలికి ఎక్కుతుంది కదా. గాజాకి ప్రధాన దిక్కు భూగర్భ జలమే. ఏటా వానతో ఊరే దానికంటే దాదాపు మూడు రెట్లు తోడేవాళ్లు. అందులో 90 శాతానికి పైగా తాగడానికి పనికిరాదు. 2020కల్లా గాజా బతకడానికి వీలైన చోటుగా ఉంటుందా అని ఐక్యరాజ్యసమితి 2012లోనే ఒక రిపోర్టు రాసింది. 2022లో నిరుద్యోగం 45 శాతం దగ్గర. 2023లో మళ్లీ 18 వేల మందికి ఇజ్రాయెల్‌లో పని పర్మిట్లు ఉన్నాయి.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. ఆ పర్మిట్లు ఆ రోజుతో రద్దు. తర్వాతి రెండేళ్ల యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్లు, అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో, 2025 అక్టోబర్ నాటికి 67 వేలు దాటారు. ఉపగ్రహ చిత్రాల ప్రకారం సుమారు 80 శాతం భవనాలు దెబ్బతిన్నాయి.

అక్టోబర్ 10న కాల్పుల విరమణ మొదలైంది. ఇజ్రాయెల్ సైన్యం ఒక పసుపు గీత దాకా వెనక్కి జరిగింది. అప్పుడు ఆ గీతకి అవతల, అంటే సైన్యం చేతిలో, పట్టీలో సగం కంటే కాస్త ఎక్కువ నేల ఉండిపోయింది. అంటే మన భాగహారంలో కింద ఉన్న నంబర్ మళ్లీ మారింది. 365 కాదు, 170 చుట్టుపక్కల. పైన 20 లక్షల మంది, ఎక్కువ మంది గుడారాల్లో, 1949లో వాళ్ల తాతలు ఉన్నట్టే.