ప్రాస కోసం కలిపిన పేరు, చివరికి ప్రెసిడెంట్

నా లాప్‌టాప్ వెనక స్టిక్కర్లు మీరు చూసే ఉంటారు. ఉద్యోగం చేసే రోజుల్లో ఫ్రీగా ఇచ్చిన ప్రతిదీ అతికించేశా. అందులో సగం కంపెనీలు ఏం చేస్తాయో ఇప్పటికీ తెలీదు. అమెరికా ఎన్నికల్లో చొక్కాకి పెట్టుకునే బటన్ చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. మొదట్లో అవి నిజంగానే గుండీలు. 1789లో వాషింగ్టన్ ప్రెసిడెంట్ అయినప్పుడు జనం ఇత్తడి గుండీలు కోటుకి కుట్టించుకున్నారు. ఇప్పుడు మనం చూసే పిన్ను బ్యాడ్జీ, కాగితం బొమ్మ మీద సెల్యులాయిడ్ పొర వేసింది, 1896లో మెకిన్లీ, బ్రయాన్ పోటీలో పాపులర్ అయింది.

కానీ అసలు కథ 1840లో ఉంది.

విగ్ పార్టీ అభ్యర్థి విలియం హెన్రీ హారిసన్. ముసలి జనరల్. డెమోక్రాట్ల వైపు పేపరొకటి వెటకారం చేసింది: ఈయనకి కాస్త పెన్షన్, ఓ పీపా సైడర్ ఇస్తే దుంగల గుడిసెలో హాయిగా కూర్చుంటాడని. సైడరంటే పులిసిన యాపిల్ రసం, మన కల్లు టైపు అనుకోండి. విగ్‌లు ఏం చేశారు? కోప్పడలేదు. ఆ తిట్టునే లోగో చేసేశారు! గుండీల మీద గుడిసె, పతకాల మీద గుడిసె, ఊరేగింపుల్లో బండ్ల మీద గుడిసె.

ఇప్పుడు వినండి. హారిసన్ పుట్టింది వర్జీనియాలో పెద్ద ఎస్టేట్‌లో. తండ్రి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి. వీళ్లు దొర అని ముద్రేసిన అవతలి అభ్యర్థి వాన్ బ్యూరెన్ మాత్రం సత్రం నడుపుకునే ఆయన కొడుకు. మొత్తం ఉల్టా!

నినాదం ఇంకా గమ్మత్తు: "టిప్పెకనూ అండ్ టైలర్ టూ". టిప్పెకనూ అంటే హారిసన్ 1811లో ఆదివాసీలతో యుద్ధం చేసిన చోటు. టైలర్ వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి. ఆ 'ట' 'ట' ప్రాస నోట్లో భలే తిరుగుతుంది. టైలర్ ఏం నమ్ముతాడో ఎవరు పట్టించుకున్నారు?

ఎలక్టోరల్ ఓట్లు 234, అవతల 60. ఘనవిజయం. 1841 మార్చి 4న ప్రమాణం, ఏప్రిల్ 4న హారిసన్ చనిపోయాడు. సరిగ్గా నెల. కుర్చీ ఎక్కింది ఆ 'టూ' గారే. సొంత పార్టీ తెచ్చిన బ్యాంకు బిల్లుని రెండుసార్లు వీటో చేశాడు. మంత్రుల్లో ఒక్కరు తప్ప అందరూ రాజీనామా. ఆ సెప్టెంబరులోనే పార్టీ ఆయన్ని బయటికి గెంటేసింది. గుండీలు మాత్రం అప్పటికే జనం కోట్ల మీద ఉన్నాయి.