రంగు కింద నీరు: ఆదోని దూది నుంచి స్పోర్ట్స్ కారు పూత దాకా

వాహనం మీద వేసిన రంగు ఎంత నున్నగా, ఎంత గట్టిగా కనిపించినా అది నీటిని పూర్తిగా ఆపగల పొర కాదు. నీటిబొట్టు దాని మీంచి జారిపోతుంది కాని, ఆవిరి రూపంలోని తేమ మాత్రం మిల్లీమీటరులో పదోవంతు మందముండే ఆ పొర గుండా లోపలికీ బయటికీ నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది. అలా లోపలికి చేరిన తేమగాని, రంగు వేసేనాటికే అడుగున మిగిలిపోయిన తేమగాని బయటపడే దారి చాలక ఒకచోట పోగయినప్పుడు పూత పట్టు వదిలి పైకి ఉబ్బుతుంది. పొక్కు అనేది ఇదే. ఆవగింజ కన్నా చిన్నవిగా గుంపులు గుంపులుగా లేచేవాటిని సూక్ష్మ పొక్కులని, నాణెమంత వెడల్పున లేచి పగిలి పెచ్చులుగా రాలేవాటిని పెద్ద పొక్కులని వేరు చేసి చెప్పవచ్చు. గత నూరేళ్లలో కారు పూత ఆరే కాలం వారాల నుంచి గంటలకు కుదించుకుపోయింది. కుదించుకుపోయిన ప్రతిసారీ తేమ బయటపడడానికి దొరికే వ్యవధి కూడా తగ్గింది. ఆ తగ్గుదల మొదలైన పదార్థం దూదితో తయారైంది కాబట్టి ఈ కథను పత్తి పండే నేల నుంచి చెప్పుకురావడం అసంబద్ధం కాదు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో తుంగభద్ర తీరాన ఉన్న సి.బెళగల్, దానికి పడమటగా ఎమ్మిగనూరు, ఇంకా నైరుతిగా ఆదోని ఒకే నల్లరేగడి బయలుకు చెందిన ఊళ్లు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో భాగమైన ఈ ప్రాంతంలో ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనే ఉండేవి. ఇక్కడి దూదికి మద్రాసు రాజధాని వర్తకంలో ‘వెస్టర్న్స్’ అనే ప్రత్యేక పేరుండేది. 1871లో మద్రాసు రైల్వే, బొంబాయి నుంచి వచ్చే రైలు దారి రాయచూరు దగ్గర కలవడంతో ఆ దూదికి బొంబాయి రేవు దగ్గరయింది. ఆదోనిలో జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు పెరిగి, ఆ పట్టణానికి రెండో బొంబాయి అనే పేరు స్థిరపడింది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పడం ఇదే పత్తి చరిత్రలో మరొక పాయ.

పత్తికి నీటి మీద సహజమైన మక్కువ ఉంది. దూది పోగు సెల్యులోజ్ అనే పదార్థంతో నిర్మితమైనది, సెల్యులోజ్ అణువుల మీద నీటిని పట్టి ఉంచే కొక్కెలు వేలకొద్దీ ఉంటాయి, అందుకే గాలిలోని తేమను అది ఎప్పుడూ పీల్చుకుంటూ ఉంటుంది. పత్తి మార్కెట్లో ధర గురించి జరిగే వాదనల్లో సగం నెమ్ము చుట్టూనే తిరగడానికి కారణం ఇదే. మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ 8 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకొని, 12 శాతం దాటిన సరుకును తీసుకోదు. పత్తి రైతుకు గుండె బరువెక్కించే ఈ గుణాన్ని రసాయన శాస్త్రం ఎలా తలకిందులు చేసిందన్నది కారు పూత చరిత్రలో కీలకమైన మలుపు.

ఆ మలుపుకు ముందున్న పద్ధతి గుర్రపుబగ్గీల నాటిది. తొలి కార్ల దేహం కర్ర చట్రం మీద రేకు తొడిగి చేసినది కావడంతో దాన్ని బట్టీలో పెట్టి కాల్చే వీలులేదు. అవిసెనూనెలో నూరిన సీసపు తెలుపును మొదటి పూతగా వేసి, దాని మీద గుంతలు పూడ్చే లప్పాన్ని పొరలు పొరలుగా మెత్తి, నురగరాయితో అరగదీసి, రంగు వేసి, చివరకు జిగురు మేళవించిన వార్నిష్‌ను కుంచెతో పూసేవారు. అవిసెనూనె నీరు ఆవిరైనట్లుగా ఆరదు, గాలిలోని ప్రాణవాయువును నెమ్మదిగా కలుపుకొని గట్టిపడుతుంది. కాబట్టి ఒక్కో పూతకు రోజులు, మొత్తం బండికి వారాలు పట్టేవి. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఈ కాలానికి తెలుగు నేల మీద మిగిలిన మేటి సాక్ష్యం. లండనులోని బార్కర్ కంపెనీ దేహం తొడిగిన ఆ 1912 నాటి కారును, 1911 ఆగస్టులో మరణించిన నిజాం చూడలేకపోయాడు. నేడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆనాటి పూతలకు పొక్కులు రాలేదని కాదు, తడి ఆరని కర్ర మీద వేస్తే అవీ లేచేవి. అయితే పని నడిచిన ఆ వారాలే కర్రలోని, లప్పంలోని తేమకు పోయే వ్యవధిని ఇచ్చేవి. ఎవరూ ఉద్దేశించి పెట్టుకోని ఈ రక్షణ విలువ, అది పోయిన తరువాత గాని తెలియలేదు.

ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టీ కార్లను నలుపులోనే అమ్మడం వెనక ఆరే కాలం సమస్య కూడా ఉందని తరచూ చెబుతారు. ఆ సమస్యకు జవాబు దూదిలో దొరికింది. జర్మన్-స్విస్ రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ 1840లలో దూదిని నత్రికామ్ల, గంధకికామ్లాల మిశ్రమంలో ముంచి నైట్రోసెల్యులోజ్‌ను తయారుచేశాడు. బాగా నత్రితమైతే అది పేలుడు పదార్థం, తగుమోతాదులో నత్రితమైతే ద్రావకాలలో కరిగి గట్టి పొరగా ఆరే జిగురు. ఈ క్రియలో సెల్యులోజ్ మీది నీటి కొక్కెలు చాలావరకు నైట్రేటు సమూహాలతో మూసుకుపోతాయి కాబట్టి నీటిని పీల్చే దూది నీటిని అంతగా అంటించుకోని పొరగా మారుతుంది. దీనికి నేతకు పనికొచ్చే పొడుగు పోగు అక్కరలేదు, జిన్నింగు తరువాత గింజను అంటిపెట్టుకొని మిగిలే లింటర్స్ అనే పొట్టి నూగు చాలు. పొర పెళుసుబారకుండా అందులో ఆముదం కలిపేవారు. పత్తీ ఆముదమూ రెండూ పండించే రాయలసీమ రైతుకు ఈ మిశ్రమంలోని సరుకులేవీ కొత్తవి కావు.

అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ దీన్ని పలచగా, పిచికారీ తుపాకితో కొట్టడానికి వీలుగా తయారుచేసి ‘డ్యూకో’ పేరుతో 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్లకు నీలిరంగుగా అందించింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన చెక్కపని దుకాణాల్లో స్ప్రే చేసిన నున్నని పూతను డ్యూకో పెయింట్ అనే అలవాటు ఈ ఉత్పత్తి నుంచే వచ్చింది. అయితే కొత్త పూత తేమతో తన తొలి తగవును మొదటి రోజే బయటపెట్టింది: థిన్నర్ వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరచడం వల్ల వానాకాలపు గాలిలోని తేమ తడి రంగు మీదే చెమ్మగా చేరి, పూత పాలు చిలికినట్లు తెల్లబడేది. దీనికి విరుగుడు నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావకం. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటా మందుకు అవసరమైన అసిటోన్ కోసం హైమ్ వైజ్‌మన్ కనిపెట్టిన పులియబెట్టే పద్ధతిలో అసిటోన్ ఒక పాలు వస్తే బ్యూటనాల్ దాదాపు రెండు పాళ్లు వచ్చేది. యుద్ధకాలంలో పనికిరానిదిగా పడివున్న ఆ బ్యూటనాల్ నుంచి చేసిన బ్యూటైల్ అసిటేటే ఈ పూతలకు అవసరమైన నెమ్మదైన ద్రావకమయింది. వేగాన్ని కనిపెట్టిన పరిశ్రమ వెంటనే కొంత నెమ్మదిని కొని తెచ్చుకోవలసి వచ్చిందన్న మాట.

అదే కాలంలో మరొక మార్పు అంతగా ఎవరూ గమనించకుండా వచ్చింది. 1921లో త్రీఎం కంపెనీ నీటిలో తడిపి రుద్దగల గరుకుకాగితాన్ని బజారులోకి తెచ్చింది. షెడ్లలో వాటర్ పేపర్ అని పిలిచే ఈ కాగితం సీసపు దుమ్మును అణచి పనివాళ్ల ఊపిరితిత్తులకు మేలు చేసింది, నునుపును పెంచింది. కాని పూతకూ పూతకూ మధ్య నీటిని స్వయంగా మోసుకొచ్చింది కూడా అదే. లప్పం ఆ నీటిని తాగుతుంది, పైన రంగు గంటలోపే మూసుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత వచ్చిన స్పోర్ట్స్ కార్లు, అంటే బరువు తగ్గించి వేగం కోసం నిర్మించిన ఇద్దరు కూర్చునే కార్లు, ఈ చిక్కును పతాకస్థాయికి చేర్చాయి. 1953లో షెవర్లే మొదటి ఏడాది చేసిన 300 కార్వెట్‌లకు గాజుపోగుల ప్లాస్టిక్, అంటే ఫైబర్‌గ్లాస్ దేహాన్ని తొడిగింది. 1957లో లండను ప్రదర్శనలో కనిపించిన లోటస్ ఎలీట్‌కు చట్రం కూడా ఫైబర్‌గ్లాసే. మన దేశంలో బెంగళూరు సిపానీ వారి డాల్ఫిన్, 1998 నాటి శాన్ స్టార్మ్ అదే పదార్థాన్ని ఆశ్రయించాయి. తుప్పు పట్టని దేహం కాబట్టి రంగుకు చిక్కులుండవన్న నమ్మకం ఒకటి అప్పుడు వ్యాపించింది. అది తప్పు. గాజుపోగుల చాపలో పాలియెస్టర్ జిగురును చేత్తో అద్దేటప్పుడు లోపల గాలి బుడగలు మిగిలిపోతాయి. పాత రంగు గీకేటప్పుడు పైనున్న నున్నని జిగురు పొర తెగితే పోగుల కొనలు బయటపడి నీటిని లోలోపలికి లాక్కుంటాయి. పూర్తిగా గట్టిపడని జిగురులో నీట కరిగే అంశాలు మిగిలి ఉంటాయి.

చివరి అంశమే అన్నింటిలోకీ ప్రమాదకరం. 1748లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోలే పంది మూత్రాశయపు పొరతో నిరూపించిన ద్రవాభిసరణం అంటే, పలుచని పొరకు ఒకవైపు కరిగిన పదార్థం ఎక్కువగా ఉంటే నీరు తనంత తానే అటువైపు చొచ్చుకుపోవడం. రంగు సరిగ్గా అలాంటి పొర. దాని కింద జిగురు శేషమో, ఉప్పు పొడో, చెమట చేతి ముద్రో ఉంటే చాలు, పైనుంచి తేమ ఆగకుండా వచ్చి చేరుతూ పూతను ఎత్తుతుంది. అల్యూమినియం దేహాల మీద ఇదే ఉప్పు మరో రూపం చూపుతుంది: పూత కింద సన్నని దారాలుగా పాకే క్షయం ఏర్పడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం కదలకుండా గాలి ఆడని ప్లాస్టిక్ తొడుగు కింద ఉండడం స్పోర్ట్స్ కార్ల తలరాత కావడంతో, నిత్యం రోడ్డెక్కే బండి కన్నా వాటికే పొక్కుల బెడద ఎక్కువ.

1960లలో రేకు దేహాన్ని విద్యుత్తు సాయంతో ప్రైమర్ తొట్టిలో ముంచే పద్ధతి రావడంతో కార్ఖానాలో తయారైన కార్లకు రక్షణ పెరిగింది. ఈ రక్షణ రిపేరు షెడ్లకు అందలేదు. వాటికి అందినది, 1937లో ఒట్టో బాయర్ కనిపెట్టిన పాలీయురెథేన్ నుంచి వచ్చిన రెండు డబ్బాల పూత. షెడ్లలో పి.యు. అనే ఈ పూతలోని గట్టిపరిచే ద్రవం నీటితో కలిస్తే బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది, కాబట్టి కంప్రెసర్ గాలిలో వచ్చే తేమ కూడా ఇక్కడ బుడగగా, సూదిబెజ్జంగా మిగులుతుంది. 1980ల నుంచి రంగు మీద వేరుగా వేసే పారదర్శకమైన క్లియర్ కోటు మెరుపును పెంచి, లోపలి తప్పును మరింత స్పష్టంగా చూపించింది.

ఇక పడమటి కర్నూలు విషయానికి వస్తే, స్పోర్ట్స్ కార్లు ఈ దారుల్లో అరుదైనా అదే పి.యు., అదే లప్పం, అదే వాటర్ పేపర్ ఇక్కడి జీపులకూ, కార్లకూ, ట్రాక్టర్లకూ వాడతారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన సీమలో తేమ భయమేమిటన్న ప్రశ్న సహజంగా తోస్తుంది. ఎండ ఈ విషయంలో మిత్రుడు కాదు. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 4.2 కిలోపాస్కళ్లయితే 70 డిగ్రీల దగ్గర అది 31కి చేరుతుంది. ఎండలో నిలిపిన ముదురురంగు బండి రేకు అంత వేడికి చేరగలదు కాబట్టి, పూత కింద చిక్కిన నీరు ఏడింతలకు పైగా బలంతో పైకి తన్నుతుంది. రెండో కారణం నీటి స్వభావం. నల్లరేగడి నేలల్లో చాలాచోట్ల బోరునీళ్లలో లవణాలెక్కువ. అలాంటి నీటితో లప్పాన్ని రుద్ది, చివరిసారి మంచినీటితో కడగకుండా ఆరనిస్తే నీరు పోతుంది కాని ఉప్పు అక్కడే ఉంటుంది. వానలు వచ్చాక బయటపడే పొక్కుకు విత్తనం వేసవిలోనే పడుతుందని దీనివల్ల అర్థమవుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినట్లు నది పొంగినప్పుడు మునిగిన వాహనాలకు కూడా అసలు చెరుపు చేసేది నీటి కన్నా అతుకుల్లోకి చేరిన బురద, అందులోని లవణాలు.

పెయింటు పరిశ్రమ నియమాలు క్లుప్తమైనవే: గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపాలి, రేకు ఉష్ణోగ్రత చెమ్మ పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైనుండాలి, కంప్రెసర్ తొట్టిలో పోగైన నీటిని రోజూ వదలాలి. ఈ నియమాలు తెలిసిన పనివాడికి కూడా కొరవడేది వ్యవధి, దాన్ని ఇవ్వవలసినది యజమాని. ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని బండిని షెడ్డుకు అప్పగించే యజమాని రంగు ఖరీదు అడిగే ముందు లప్పాన్ని ఎన్ని రోజులు ఆరనిస్తారో, ఆఖరిసారి ఏ నీటితో కడుగుతారో అడగాలి. పెయింటరు ఇంకా కొన్ని రోజులు కావాలంటే వాటిని తగ్గించకుండా ఇవ్వాలి.