మొద్దునిద్ర అన్నారు గాని...

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దేసుకుని, రేడియో పెట్టుకుని, చాపమీద నడుం వాల్చినవాళ్ళు ఈపాటికి చాలామందే వుంటారు. వాల్చండి, తప్పులేదు. నేనివాళ చెప్పబోయేది కూడా నిద్ర సంగతే.

నిద్ర కథలకి మనకు లోటులేదు గదా! కుంభకర్ణుడు సరేసరి. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళాదేవి పాట మా మామ్మ వొత్తులు చేసుకుంటూ పాడుతూ వుండేది. ఊర్మిళ నిద్ర తల్చుకుని కళ్ళు తుడుచుకునే ఆ మామ్మే, సొంత కూతురు పగలు కునికితే మాత్రం వూరుకునేది కాదు. నెత్తిన మొట్టికాయ పడేది.

ఆ కూతురు మా మేనత్త. బళ్ళో పలక ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయేదట. ఏడో తరగతితో చదువు మాన్పించారు. బియ్యం ఏరుతూ నిద్ర, జడ వేయించుకుంటూ నిద్ర. ఇంకో చిత్రం ఏమిటంటే, ఎవరైనా హాస్యమాడితే పకపకా నవ్వబోయి, మోకాళ్ళు పట్టు తప్పి కూలబడిపోయేది. తెలివి మాత్రం పోదు. మనం అనేవన్నీ వినిపిస్తూనే వుంటాయి. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. అత్తవారింట్లో ఒకసారి మరిది ఏదో అన్నాడని నవ్వి, పాలగిన్నెతో సహా పడిపోయింది. “మొద్దునిద్ర పిల్లని అంటగట్టారు” అన్న మాట ఆ ఇంట్లో పాతికేళ్ళు పడింది.

దీనికి ఒక పేరుందనీ, ఆ పేరు మా మామ్మ పుట్టకముందే పెట్టారనీ మాకెవరికీ తెలియదు.

1877లో బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ అనే డాక్టరు ఇలాంటి రోగిని గురించి మొదట రాశాడు. పేరు పెట్టింది మాత్రం ఫ్రాన్సు దేశపు డాక్టరు జెలినో, 1880లో. ఆయన దగ్గరికి వచ్చినవాడు సారాయి పీపాలు అమ్ముకునే వర్తకుడు, 38 ఏళ్ళవాడు. పదమూడేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, దారిలో నిద్రపోకుండా. రోజుకి 200 సార్ల దాకా కునుకు పట్టేదట! ఒక్క భోజనంలో నాలుగైదుసార్లు నిద్ర ముంచుకొచ్చేది. పారిస్ జంతుశాలలో కోతుల బోను ముందు నిలబడితే మరీనూ. బేరం లాభసాటిగా కుదిరినా, నవ్వొచ్చినా కాళ్ళు తేలిపోయేవి. వీధిలో జనం తాగి తూలుతున్నాడనుకునేవారు. జెలినో ఇది మూర్ఛరోగం కాదు, వేరే జబ్బు అని తేల్చి ‘నార్కోలెప్సీ’ అన్నాడు. గ్రీకు మాటలు కలిపి చేసిన పేరు. మొద్దుబారడం, పట్టుకోవడం అని అర్థాలు. నవ్వితే కూలబడటానికి ‘కాటప్లెక్సీ’ అనే వేరే పేరు 1902లో వచ్చింది.

పేరయితే పెట్టారు గాని, కారణం తెలియలేదు. తెలియనప్పుడు ఏమంటారు? మనసులో ఏదో దాచుకున్నారనీ, బాధ్యత తప్పించుకోవడానికి నిద్రలోకి పారిపోతున్నారనీ కొందరు డాక్టర్లు కూడా వాదించారు. మా మామ్మ మాటకీ వాళ్ళ మాటకీ నాకైతే పెద్ద తేడా కనపడదు. ఆవిడ కనీసం తాయెత్తు కట్టించింది.

ఈలోగా 1917లో వియన్నాలో ఫాన్ ఎకనమో అనే డాక్టరు ఒక వింత మెదడువాపు జ్వరాన్ని గురించి రాశాడు. అది సోకిన కొందరు అదేపనిగా నిద్రపోయేవారు, మరికొందరికి నిద్రే పట్టేది కాదు. చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించి, మెదడు అడుగుభాగంలో హైపోథలామస్ అనే చోట మెలకువకి సంబంధించిన తావు వుండాలని ఆయన అంచనా కట్టాడు. ఆ అంచనా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాం.

1951లో షికాగోలో అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ళ కొడుకు కళ్ళ దగ్గర తీగలు అంటించి రాత్రంతా కూచున్నాడు. నిద్రలో వున్నట్టుండి రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదలడం మొదలెట్టాయి. కలల నిద్ర అది. మామూలుగా మనకి నిద్రపట్టిన గంటన్నరకి గాని ఆ దశ రాదు. 1960లో వోగెల్ అనే ఆయన నార్కోలెప్సీ రోగిని పరీక్షిస్తే, కన్ను మూసిన వెంటనే కలల నిద్ర వచ్చేసింది! కలల నిద్రలో మన కండరాలు సడలిపోయి వుంటాయి, లేకపోతే కలలో పరుగెడుతూ మంచం దిగిపోమూ? ఆ సడలడమే ఈ రోగులకి మెలకువలో, నవ్వుతో వచ్చి పడుతోందన్నమాట. అత్తయ్య మోకాళ్ళ సంగతి నాకు అక్కడ అర్థమయింది.

1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వచ్చిన డిమెంట్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి రోగులు కావాలని పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు. వందమందికి పైగా జవాబిచ్చారు. వాళ్ళలో సుమారు యాభైమందికి నిజంగా ఆ జబ్బే. ఒక్క వూళ్ళో, ఒక్క ప్రకటనకి! అన్నాళ్ళూ వాళ్ళు ఏమని పిలిపించుకుని వుంటారో మీరే వూహించుకోండి.

నిద్రమత్తుని కొలిచేదెలా అన్న చిక్కు విప్పడంలో ఒక స్త్రీ చెయ్యి వుంది, పేరు మేరీ కార్స్‌కడాన్. డిమెంటు శిష్యురాలు. ఇద్దరూ కలిసి 1977లో వెల్లడించిన పరీక్ష చాలా సాదాది. రాత్రి ఆసుపత్రిలోనే పడుకోబెట్టి నిద్ర సరిగా వుందో లేదో చూస్తారు. మర్నాడు పగలు రెండేసి గంటల ఎడంతో నాలుగైదుసార్లు చీకటిగదిలో పడుకోమంటారు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. ఎంతసేపటికి నిద్రపట్టిందో లెక్కకడతారు. సగటున ఎనిమిది నిమిషాల లోపు పట్టి, అందులో రెండుసార్లయినా వెంటనే కలల నిద్ర వస్తే, నార్కోలెప్సీ అనడానికి బలమైన ఆధారం. రోగి చెప్పేది నమ్మాలా వద్దా అన్న పేచీయే లేదు, కాగితం మీద గీతలు చెబుతాయి.

కారణం మాత్రం కుక్కల వల్ల బయటపడింది. స్టాన్‌ఫర్డ్‌లో ఈ జబ్బున్న డాబర్‌మన్ కుక్కల్ని పెంచారు. ఇష్టమైన తిండి చూపిస్తే చాలు, ఆ సంతోషానికి కూలబడిపోయేవి. వాటిలో దోషమున్న జన్యువుని 1999లో మిన్యో అనే ఆయన బృందం పట్టుకుంది. అంతకు ముందు ఏడాదే కనిపెట్టిన హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించినది అది. 2000లో మనుషుల్లో చూస్తే, ఆ రసాయనం తయారుచేసే కణాలే, ఆరోగ్యవంతుల్లో సుమారు 70 వేలుండేవి, నూటికి 85 నుంచి 95 దాకా పోయివున్నాయి. ఎక్కడనుకున్నారు? ఫాన్ ఎకనమో వేలు పెట్టి చూపించిన హైపోథలామస్‌లోనే.

అలాగని పగలు కునికేవాళ్ళందరికీ ఇదే అనుకుని భయపడకండి. ఈ జబ్బు రెండువేలమందిలో ఒకరికి వుంటుందని అంచనా. నాలుగింటికి లేచి పదకొండింటికి పడుకునే ఇల్లాలికి మధ్యాహ్నం కన్ను మూతపడితే అది జబ్బు కాదు, బాకీ. గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగేవాళ్ళకీ, రక్తం తక్కువైనవాళ్ళకీ, థైరాయిడ్ వున్నవాళ్ళకీ మత్తు వుంటుంది. 1991లో మెల్‌బోర్న్‌లో జాన్స్ అనే డాక్టరు ఎనిమిది ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. చదువుతుంటే కునుకొస్తుందా, ఎవరితోనైనా మాట్లాడుతుంటే వస్తుందా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్న నుంచి మూడు మార్కులు. మొత్తం పది దాటితే డాక్టరుకి చూపించుకోవాలి.

మా అత్తయ్యకి 2011లో, నలభయ్యేడో ఏట, హైదరాబాదులో ఆ పగటి పరీక్ష చేశారు. తోడు వెళ్ళింది నేనే. అయిదుసార్లూ మూడు నిమిషాల్లోపే నిద్ర. డాక్టరమ్మ కాగితం చూపించి అంతా వివరిస్తుంటే అత్తయ్య చాలాసేపు నోరు మెదపలేదు. చివరికి, “అయితే నాది బద్ధకం కాదన్నమాటేనా అమ్మా?” అంది.

“కాదండీ. ఎప్పుడూ కాదు,” అందావిడ.

బస్సులో తిరిగొస్తూ అత్తయ్య ఆ కాగితాన్ని మడిచి రవికెలో దాచుకుంది. ఇంటికెళ్ళాక ముసలి అత్తగారికి చదివి వినిపించమంది. నేను చదివాను. ఆవిడ మంచంలోంచే విని, “ఆ పాలగిన్నె నాడు కూడా ఇదేనా?” అని అడిగింది. ఇదే అన్నాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు అత్తయ్య మాత్ర వేసుకుంటుంది, మధ్యాహ్నం గడియారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. పెళ్ళిళ్ళలో ఎవరైనా నవ్వించేట్టు కనపడితే ముందుగానే స్తంభం పట్టుకుని నిలబడి, “ఇప్పుడు చెప్పవే!” అంటుంది.