కొల్లేరు: అభ్యంతరాల స్వీకరణ

కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం హద్దుల మీద, అందులోని హక్కుల మీద జనం తమ మాట చెప్పుకోవడానికి చట్టం కల్పించిన పద్ధతే అభ్యంతరాల స్వీకరణ. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు వచ్చి కలుస్తాయి. నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వానాకాలంలో పొంగి, వేసవిలో కుంచించుకుపోయే నీటికి హద్దు గీయడం అంటేనే తగువు. అందుకని ఇక్కడ హద్దును సముద్రమట్టం నుంచి ఎన్ని అడుగుల ఎత్తన్న లెక్కలో, అంటే కాంటూరులో చెబుతారు. 1999 అక్టోబరు 4న 120వ నంబరు జీవోతో ఐదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం కలెక్టరు ప్రాంతీయ భాషలో ప్రకటన ఇవ్వాలి. అది ఆ ప్రదేశంలోను, చుట్టుపక్కలా ఉన్న ప్రతి ఊరికీ చేరాలి. హక్కుందనుకున్నవారు రెండు నెలల్లోగా నిర్ణీత నమూనాలో రాసివ్వాలి: ఏ హక్కు, ఎంత మేర, పరిహారం ఎంత.

చిక్కంతా ఆ నమూనాలోనే ఉంది. జిరాయితీ రైతు సర్వే నంబరు వేసి, పట్టాదారు పాస్‌పుస్తకం నకలు జతచేసి, తహసీల్దారు ఆఫీసులో రసీదు పుచ్చుకుని ఇంటికొస్తాడు. గుడివాకలంకలోనో ప్రత్తికోళ్లలంకలోనో దోనె మీద వెళ్లి వల వేసుకునే మనిషి 'ఎంత మేర' అన్న గడిలో ఏం రాయాలి? తాతల నాటి నుంచీ తిరిగిన నీటికి సర్వే నంబరేది? అభిప్రాయం చెప్పమని అడిగే కాగితం ఎవరికి అనువుగా ఉంటే జవాబు వాళ్ల నుంచే వస్తుంది. మిగిలినవాళ్లు నోరెత్తలేదంటే ఒప్పుకున్నారని అర్థం కాదు.

చట్టం రాసినవారికి ఈ సంగతి కొంత తెలిసినట్టుంది. 22వ సెక్షన్ ప్రకారం ఎవరూ అర్జీ పెట్టని హక్కులనూ కలెక్టరు విచారించాలి. ప్రభుత్వ రికార్డులతోపాటు సంగతి తెలిసినవారి సాక్ష్యమూ చూడాలి. అంటే లంక పెద్ద నోటిమాటకూ చోటుంది. పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ వాక్యమే మొత్తం ప్రక్రియలో విలువైనదనిపిస్తుంది. ప్రకటనను గెజిట్‌లో అచ్చువేసి ఊరుకుంటే లంకల్లో చదివేవాడుండడు. టముకు వేయించి, గ్రామసభలో చదివి వినిపించి, అడిగినచోటే అర్జీ రాసిపెట్టే గుమస్తాను కూర్చోబెడితే మాట్లాడేవాళ్లు వస్తారు.

జనం గొంతు గట్టిగా వినిపించింది మాత్రం గడువు కాగితాల వల్ల కాదు, చెరువుల వల్ల. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. తర్వాతి కాలంలో చెరువులు సరస్సంతా పరుచుకున్నాయి. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యంలోని చెరువు గట్లను తెగ్గొట్టారు. అప్పుడు గాని ఐదో కాంటూరు అంటే ఏమిటో చాలా ఇళ్లకు తెలిసిరాలేదు. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఐదో కాంటూరునే కొనసాగించమని 2011లో నివేదిక ఇచ్చింది.

జనం మాట వినే విషయంలో లోకం అప్పటికే ఒక దారి వేసుకుంది. 1998లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో కుదిరిన ఒప్పందం పర్యావరణ నిర్ణయాల్లో పాల్గొనడాన్ని జనం హక్కుగా గుర్తించింది; భారత్ అందులో భాగస్వామి కాదు. 120వ నంబరు జీవో వచ్చిన ఏడాదే, 1999లో, కోస్టారికాలోని శాన్ హోసేలో రామ్‌సర్ సభ్యదేశాలు చిత్తడి నేలల నిర్వహణలో స్థానికుల పాత్రపై మార్గదర్శకాలు ఆమోదించాయి. మన దగ్గర అభయారణ్యాల చుట్టూ ప్రకటించే పర్యావరణ సున్నిత మండలాల ముసాయిదాకు అభ్యంతరాల గడువు 60 రోజులు, అదీ గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి.

2022 ఏప్రిల్ 4 వరకు సరస్సు పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య చీలి ఉండేది. కైకలూరు వైపు వారు మచిలీపట్నం, పశ్చిమ గోదావరి వైపు వారు ఏలూరు వెళ్లి అర్జీ ఇచ్చుకునేవారు. కొత్త ఏలూరు జిల్లా ఏర్పడ్డాక కైకలూరు ప్రాంతమూ ఏలూరు కలెక్టరేట్ కిందికి వచ్చింది.