సవర బడి పెట్టిన పంతులుగారు

మొన్న మా రామనగుడ కుర్రాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి జీతం లేకుండా రాత్రి బడులు నడిపినవాళ్లకు, యువకులను కూడగట్టి ఆటలూ తోటపనులూ నేర్పినవాళ్లకు శాలువాలు కప్పుతారట. "మాస్టారూ, ఆ రోజు మీరు నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఇలాంటి పని మన వైపు వెనకటి రోజుల్లో ఎవరు చేశారో చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఆ ముక్కలే ఇక్కడ రాస్తున్నాను.

యువజన సేవ అనగానే ఇప్పటివాళ్లకు 1969లో మొదలైన జాతీయ సేవా పథకమో, 1972లో వచ్చిన నెహ్రూ యువ కేంద్రాలో గుర్తొస్తాయి. అవేవీ లేని కాలంలో, ఏ సర్కారూ పంపకుండా, కొండ పిల్లలకు చదువు చెప్పిస్తానని బయల్దేరిన మనిషి ఒకరు మన పక్కనే పర్లాకిమిడిలో ఉండేవారు. ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారు.

వారి పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. వారు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే వారిని వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడిన వీరుడిగానే తలచుకుంటాం. ఆ పోరాటానికి ముందు నుంచే సవరల కోసం వారు పడ్డ పాట్లు ఒక వాక్యంలో చెప్పి దాటేస్తాం. గుణుపురం, రామనగుడ ప్రాంతాల్లో బతుకుతున్న మనం మాత్రం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

పంతులుగారు 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం 30 రూపాయలు. ఊరికి దగ్గర్లోనే సవరల కొండలు. వాళ్లకు చదువు చెప్పాలని పంతులుగారికి తోచింది. తెలుగు నేర్పి చదివిస్తే తేలిక అనుకోలేదు వారు. ముందు తామే సవర నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. కొండలెక్కి గూడేల్లో తిరిగారు. అప్పటికి గుణుపురానికి రైలు లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు గుణుపురం చేరేసరికి 1931 అయింది. ఆ తిరుగుడులో మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల వారికి చెవుడు వచ్చింది. ఒక భాష వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్నారు.

అయినా పని ఆపలేదు. సవరలో వాచకాలు, కథలు తయారుచేశారు. పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు, ఉపాధ్యాయులకు జీతాలు తామే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేయించి పారితోషికం ఇస్తామంటే, వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు పంతుళ్లను తయారుచేసే ట్రైనింగు స్కూలు పెట్టమన్నారని వారి జీవితం రాసినవాళ్లు చెప్తారు. తమ తరవాత కూడా పని నడవాలన్నదే వారు కోరుకున్న సన్మానం. 1913లో ప్రభుత్వం బిరుదు ఇచ్చింది. 1931లో వారి సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. కుమారుడు సీతాపతిగారు కూడా ఆ పనిలో చెయ్యి వేశారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరడం పంతులుగారికి ఇష్టం లేదు. యాభై ఆరేళ్లు కాపురమున్న ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. నాలుగేళ్లకు, 1940 జనవరి 22న కన్నుమూశారు. విశాఖ ఏజెన్సీలో ఉండే మన గుణుపురం వైపు కూడా ఆ 1936లోనే ఒరిస్సాకు వచ్చింది. అలా మన తాతలు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రంవాళ్లయ్యారు.

అదే 1936లో ఇంకో సంగతి జరిగింది. గుణుపురం దగ్గర మరిచిగుడలో మంగేయి గొమాంగో అనే సవర యువకుడు తన భాషకు సొంత లిపి చేశాడు. దాని పేరు సొరా సొంపెంగ్, అక్షరాలు 24. తెలుగు లిపి కాదు, ఒడియా కాదు, ఇంగ్లీషూ కాదు. ఆ లిపికి 2012లో యూనికోడులో చోటు దొరికింది. పంతులుగారు పెద్దవయసులో కొండల ఊసుకు దూరమవుతున్న ఏడాదిలోనే, కొండ బిడ్డ ఒకడు తన పలక తానే చేసుకున్నాడన్నమాట. సేవ చేసినవాళ్లు కోరుకోవలసింది ఇదే కదా: మనం నేర్పినవాళ్లకు ఒకనాటికి మన అవసరం లేకపోవడం.

ఇప్పుడు మన సంగతి. ఒడిశాలో మన పిల్లలకు తెలుగు బడి కావాలని అర్జీలు పెడుతూనే ఉన్నాం. న్యాయమైన కోరికే. తల్లి భాషలో మొదటి అక్షరం దిద్దాలని మనకున్నట్టే సవర తల్లికీ, కొండ్ల తల్లికీ ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. సవర, కుయి, కువి అందులో ఉన్నాయి. పంతులుగారు వెళ్లిపోయిన డెబ్భై ఏళ్లకు వారి మాట బడి గడప తొక్కింది. మన అర్జీలో ఆ పిల్లల మాట కూడా ఒక్క వాక్యం ఉంటే మన కోరికకు బలమే గాని నష్టం లేదు. మా సంతలో సవరలు మనతో తెలుగులో బేరమాడతారు. మనలో ఎంతమందికి వాళ్ల భాషలో పది అంకెలు వచ్చు? నాకూ రావు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

కుర్రాళ్లు తెచ్చిన జాబితా చూశాను. పేర్లన్నీ తగినవే. కానీ అన్నీ మనవాళ్లవీ ఒడియావాళ్లవీ. "కొండ మీది బడిలో మీ మాటలు పిల్లలకు వాళ్ల భాషలో చెప్పినవాళ్లు ఎవర్రా?" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలు చెప్పింది ఒక సవర ముసలాయన. ఏ రోజూ బడి తప్పలేదట. పంతులుగారి ఇంట్లో కూర్చుని మాట నేర్పిన సవర పేరు మన సభల్లో వినపడదు. ఈయన పేరన్నా పోకూడదు కదా అన్నాను.

జాబితా అడుగున చోటుంది. అక్కడ కాదు, పైన రాయమన్నాను.