దొర్కమ్మ: ఒక గ్రీకు పేరు తెలుగైన తీరు

దొర్కా అన్నది గ్రీకు మూలం గల స్త్రీ నామం. అర్థం లేడి. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇది దొర్కా, దొర్కమ్మ, డార్కస్ అని మూడు తీరుల్లో వినిపిస్తుంది. నల్లమల అంచున ఉన్న త్రిపురాంతకం, మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమ ఈ పేరు చరిత్రను పరిశీలించడానికి తగిన చోటు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు వైపు నుంచి, ఆంగ్లికన్ మిషన్ నంద్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడే కలుసుకున్నాయి. ఇలాంటి పేర్లను దొరలు పెట్టిపోయిన ఇంగ్లీషు పేర్లుగా లెక్కగట్టి పక్కన పెట్టడం తెలుగు పేర్ల మీద రాసేవారికి అలవాటైపోయింది. ఆ లెక్క తప్పు. డార్కస్ ఇంగ్లీషు దారిన వచ్చిన మాట నిజమే. దొర్కా, దొర్కమ్మ మాత్రం తెలుగు పేర్లే. ఆ సంగతి వాటి ఉచ్చారణలోనూ, కట్టుబడిలోనూ, జనం వాటిని ఎంచుకున్న కారణంలోనూ కనిపిస్తుంది.

ముందు అర్థం సంగతి. గ్రీకులో దొర్కాస్ అంటే గజెల్ జాతి జింక. నల్లమలలో తిరిగే చుక్కల దుప్పి, కణితి వేరు, గజెల్ వేరు. దుప్పి జాతిలో మగవాటి కొమ్ములు కొమ్మలుగా చీలి, రాలిపోయి, మళ్లీ మొలుస్తాయి. గజెల్ మేకలు, ఆవుల కుటుంబానికి చెందినది కాబట్టి దాని కొమ్ములు చీలవు, రాలవు. మన దేశంలో దానికి దగ్గరి చుట్టం చింకారా. ఉత్తర ఆఫ్రికా గజెల్‌కు 1758లో శాస్త్రనామం పెట్టినప్పుడు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ దొర్కాస్ అనే మాటనే తీసుకున్నాడు. మాట పుట్టుక ఇంకా ఆసక్తికరం. చరిత్రకారుడు హెరొడొటస్ వాడిన రూపం జొర్కాస్. ఆ జ-కార రూపమే పాతదనీ, చూడటం అనే అర్థమున్న దెర్కొమాయి క్రియతో ముడిపెట్టుకుని జనం దాన్ని ద-కారానికి మార్చుకున్నారనీ భాషావేత్తలు చెబుతారు. ఆ జంతువు పేరు వినగానే గ్రీకువారికి దాని కళ్లే తోచాయన్నమాట. లేడి కన్నులు, మృగాక్షి, హరిణేక్షణ అని చెప్పుకునే తెలుగువారికి ఈ మార్పు వెనక ఉన్న మనసును విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పేరు లోకానికి తెలిసింది అపొస్తలుల కార్యముల గ్రంథం తొమ్మిదో అధ్యాయం వల్ల. యొప్పే అనే రేవు పట్నంలో, అంటే నేడు తెల్ అవీవ్‌ను ఆనుకుని ఉన్న యాఫాలో, తబితా అనే శిష్యురాలు ఉండేది. తబితా అరమాయిక్ మాట. దాని అర్థమూ లేడే. గ్రీకు పాఠకుల కోసం గ్రంథకర్త ఆ పేరును దొర్కా అని అనువదించి చెప్పాడు. ఆమె జబ్బు చేసి చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ, ఆమె బతికుండగా కుట్టిన అంగీలను, వస్త్రాలను అపొస్తలుడైన పేతురుకు చూపిస్తారు. అతను ప్రార్థించగా ఆమె లేచి కూర్చుంటుంది. మరి అసలు పేరు తబితా అయినప్పుడు, దొర్కాను పేరు అనవచ్చా, వివరణ అనాలా అనే ప్రశ్న న్యాయమైనదే. పేరనే చెప్పాలి. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దంలోనే రోమన్ కవి లుక్రీషియస్, బక్కపలచని ప్రియురాలిని ప్రియుడు ముద్దుగా దొర్కాస్ అంటాడని రాశాడు. ఆ గ్రంథం రాకముందే ఈ మాటతో ఆడవాళ్లను పిలిచేవారని దాన్నిబట్టి తెలుస్తోంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా దొర్కాస్ కొడుకు యోహాను అనే మనిషిని ప్రస్తావించి, అది వాళ్ల భాషలో పిలుచుకునే పేరుకు అనువాదమని సూచించాడు. ఇంట్లో అరమాయిక్ పేరు, బజారులో గ్రీకు పేరు పెట్టుకోవడం ఆనాటి ఆ ప్రాంతంలో మామూలు.

ఇక తెలుగులోకి వచ్చిన దారి. తెలుగువారు ఇంగ్లీషు పేర్లను పలికేటప్పుడు ఇంగ్లీషు డ, ట ధ్వనులను మూర్ధన్యాలుగానే పలుకుతారు. డేవిడ్, పీటర్, డార్కస్ అలా వచ్చినవే. తెలుగు బైబిలులో అవే పేర్లు దావీదు, పేతురు, దొర్కా అని దంత్యాలతో కనిపిస్తాయి. అనువాదకులు చూసింది ఇంగ్లీషు ఉచ్చారణను కాదు, మూల భాషలను. పేరు చివర చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. గ్రీకులో ఆస్ అని ముగిసే పేర్లకు తెలుగు బైబిలు చివరి స-కారాన్ని వదిలేసింది. లూకాస్ లూకా అయ్యాడు, తోమాస్ తోమా, బర్నబాస్ బర్నబా, దేమాస్ దేమా అయ్యారు. ఆ వరసలోనే దొర్కాస్ దొర్కా అయింది. గ్రీకు వ్యాకరణం పట్టింపు ఉన్నవారు ఇక్కడ ఆపి, దొర్కాస్ లూకాస్ వంటి పదం కాదు, దాని ప్రాతిపదికలో ద-కారం ఉంది, విభక్తి చేరితే దొర్కాదొస్ అవుతుంది అనవచ్చు. సరే. తెలుగు అనువాదం ఆ తేడాను పట్టించుకోక అన్నింటికీ ఒకే సూత్రం వర్తింపజేసిందనే దీనివల్ల తేలుతుంది. ఒక భాష పరాయి మాటను తన దారికి తెచ్చుకోవడం అంటే అదే. పక్క భాషలతో పోల్చినా ఇదే కనిపిస్తుంది. హిందీ బైబిలు స-కారాన్ని ఉంచుకుని దోరకాస్ అంది. హిందీలో హ్రస్వమైన ఒ లేదు కాబట్టి దీర్ఘం కూడా వచ్చి చేరింది. తమిళం స్త్రీలింగ ప్రత్యయం తగిలించి తొర్కాళ్ చేసుకుంది. గ్రీకులోని హ్రస్వమైన ఒ-కారాన్ని చెక్కుచెదరకుండా నిలిపినా, చివరి స-కారాన్ని వదిలించుకున్నది తెలుగు రూపం. ఇంగ్లీషు డార్కస్‌ను ఎంత అరగదీసినా దొర్కా రాదు.

బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో 1812లో తెలుగులో మూడు సువార్తలు అచ్చయ్యాయి. దొర్కా కథ వాటిలో లేదు. 1818లో అక్కడి నుంచే కొత్త నిబంధన మొత్తం వచ్చింది. పుస్తకంలో ఉన్న పేరు ఇంట్లోకి రావడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో మిషన్ ప్రారంభించిన 1866లోనే బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ తమ పాత పేర్లతోనే చరిత్రలో నిలిచారు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో క్లౌ కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపాడు. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలో. గిద్దలూరు వైపు నుంచి వచ్చి, కంభం చెరువును నింపి, ఆ తర్వాతే ఒంగోలు వైపు పోతుంది. ఏటి ఎగువనున్న కంభంలోనూ మార్కాపురంలోనూ తర్వాత మిషన్ కేంద్రాలు వెలిశాయి. పేరయ్య, నాగమ్మల ఉదాహరణను బట్టి చూస్తే, మతం మారడమూ పేరు మారడమూ ఒకే ఘటన కావు. పెద్దవాళ్లు పేర్లు మార్చుకోనక్కర్లేదు. బైబిలు పేర్లు నిలదొక్కుకున్నది పుట్టిన బిడ్డలతో, అంటే తెలుగు బైబిలును తెలుగులో విన్న తల్లిదండ్రులు తాము ఎంచుకుని పెట్టుకున్నప్పుడు.

అలా పెట్టుకున్నవారు దానికి అమ్మ చేర్చారు. ఆ రెండక్షరాలు చిన్నవి కావు. త్రిపురాంతకంలో చెరువు నడుమ కొలువైన బాలా త్రిపురసుందరి పేరు సంస్కృతం. ఊళ్లో అది బాలమ్మ, సుందరమ్మ అవుతుంది. మస్తాన్ పారశీక మాట. వలీల మీద, అంటే ముస్లిం సాధువుల మీద, నమ్మకంతో హిందూ ఇళ్లలో కూడా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆడపిల్లలకు మస్తానమ్మ అని పెట్టుకున్నారు. సుందరమ్మ తెలుగు పేరైతే, మస్తానమ్మ తెలుగు పేరైతే, దొర్కమ్మను కాదనడానికి కారణం దొరకదు. మతం మారినవారి పేర్లు వాళ్ల పాత సంస్కృతిని తుడిచిపెట్టాయనే విమర్శ ఒకటి ఉంది. కొన్ని చోట్ల కొన్ని పేర్ల విషయంలో అది వాస్తవమే కావచ్చు. దొర్కమ్మ దగ్గర మాత్రం నిలవదు. పాత సంస్కృతి అనే మాట వాడేటప్పుడు ఆ సంస్కృతి ఈ ఆడవాళ్లను ఎలా పిలిచిందో కూడా గుర్తుంచుకోవాలి. మాల మాదిగ వాడల స్త్రీలను ఊరి పెద్దలు నాగి, పుల్లి అని కురచ చేసి పిలిచేవారు. పేరు చివర అమ్మను నిలబెట్టుకోవడం వాళ్లకు అలంకారం కాదు, హక్కు.

అర్థమే కావాలనుకుంటే హరిణి అని పెట్టుకోవచ్చు కదా, గ్రీకు మాట ఎందుకు అన్నది మరో ప్రశ్న. పేరు పెట్టేటప్పుడు తల్లిదండ్రులు నిఘంటువు చూడరు, మనిషిని చూస్తారు. దొర్కాలో వాళ్లు చూసింది లేడిని కాదు, సూది పట్టిన చేతిని. కొత్త నిబంధనలో ఎందరో స్త్రీల పేర్లున్నాయి. చేతిపనే సాక్ష్యంగా నిలిచినది ఈమె ఒక్కతే. ఆమె మంచితనానికి రుజువుగా ఎవరూ మాటలు చెప్పలేదు, ఆమె కుట్టిన బట్టలు తెచ్చి చూపించారు. ఒంగోలు మిషన్‌లో చేరినవారిలో ఎక్కువమంది తోలుపని చేసే మాదిగలు. కర్నూలు వైపు చేరినవారిలో మాలలు ఎక్కువ, వారిలో ముతక నేత నేసేవారు చాలామంది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో ఈ జనం కథలను పుస్తకంగా తెచ్చినప్పుడు దాని పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది. ఆరె, సూది, కండె పట్టిన చేతులను తక్కువ చేసి చూసిన సమాజంలో, కుట్టుపని చేసిన మనిషిని దేవుడు మళ్లీ లేపాడనే కథ ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇది నా ఊహే. అయినా ఈ పేరు ఈ వర్గాల్లో ఎందుకు ఇంకిందో చెప్పే కారణం ఇంతకన్నా బలమైనది నాకు కనబడలేదు.

ఆదరణ విషయానికి వస్తే, యూరప్‌లో ప్రొటెస్టెంటు ఉద్యమం తర్వాత ఇంగ్లండులో, అక్కడి నుంచి వెళ్లిన ప్యూరిటన్లతో అమెరికాలో డార్కస్ వ్యాప్తిలోకి వచ్చింది. షేక్‌స్పియర్ ఒక నాటకంలో గొల్లపిల్లకు ఆ పేరు పెట్టాడు. పేదలకు బట్టలు కుట్టిచ్చే డార్కస్ సొసైటీలు పందొమ్మిదో శతాబ్దంలో చాలాచోట్ల వెలిశాయి. తర్వాత పాశ్చాత్య దేశాల్లో పేరు అరుదైపోయింది. ఘనా, నైజీరియా, కెన్యాల్లో నేటికీ విరివిగా ఉంది. తెలుగునాట ఎందరికి ఉందో బడి రిజిస్టర్లను, ఓటరు జాబితాలను బట్టి చెప్పబూనితే తప్పుదారి పడతాం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా ఇస్తుంది. క్రైస్తవం తీసుకున్న దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందికి వస్తారు. అందువల్ల ఎన్నో కుటుంబాల్లో చర్చిలో ఒక పేరు, కాగితాల్లో మరో పేరు వాడుకలోకి వచ్చాయి. కాగితాల్లో లేనంత మాత్రాన పేరు లేదనడానికి వీల్లేదు. వాడలో దొర్కమ్మ అని పిలిస్తే పలికే మనిషి జాబితాలో మరో పేరుతో ఉండవచ్చు.

ఇప్పుడు ఈ పేరు తగ్గుతోంది, కనుక అది వేరూనలేదు అనే వాదన కూడా వినిపిస్తుంది. ఏ రూపం తగ్గుతోందో చూడాలి. వెనకబడుతున్నది దొర్కమ్మ. దానితోపాటే వెంకమ్మ, సుబ్బమ్మ, మస్తానమ్మ కూడా వెనకబడుతున్నాయి. అమ్మతో ముగిసే పేరు పాతదనే భావన మతంతో నిమిత్తం లేకుండా అన్ని ఇళ్లలోకీ వచ్చింది. పరాయి పేరైతే ఈ వరవడిలో కొట్టుకుపోవాల్సిన పని లేదు. ఆ స్థానంలో కొందరు డార్కస్ పెడుతున్నారు, ఇంకొందరు అదే కథలోని రెండో పేరును తీసుకున్నారు. తబిత తెలుగు చెవికి కవిత, సవిత, లలితల పక్కన సులువుగా ఇమిడిపోతుంది. అరమాయిక్ లేడి గ్రీకు లేడిని దాటి ముందుకు రావడానికి ఆ ప్రాస కూడా ఒక కారణం అయి ఉండాలి.

తెలుగువారి పేర్లమీద పనిచేసేవారు దొర్కమ్మను, దానితోపాటు లూదియమ్మ, ఫీబే, యునీకేలను విదేశీ పట్టికలోంచి తీసి తెలుగు పేర్ల పట్టికలో చేర్చాలి. లూదియను లిడియాతో, యునీకేను యూనిస్‌తో పోల్చి చూస్తే, దొర్కా, డార్కస్‌ల మధ్య ఉన్న తేడాయే అక్కడా కనిపిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, త్రిపురాంతకం చుట్టుపక్కల ఏ చర్చిలోనైనా పాత బాప్తిస్మపు పుస్తకాలు మిగిలి ఉంటే, వాటిలోని ఆడవాళ్ల పేర్లను సరిదిద్దకుండా, ఇంగ్లీషులోకి మార్చకుండా, రాసి ఉన్నది రాసి ఉన్నట్టుగా నకలు తీసి పెట్టండి.