తేలియా రుమాలు

తేలియా రుమాలు తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేటికీ నేస్తున్న నూలు చేనేత వస్త్రం. పడుగు, పేక దారాలను నేతకు ముందే నమూనా ప్రకారం ముడులు కట్టి, రంగుల్లో ముంచి నేసే ఇక్కత్ పద్ధతిలో ఇది తయారవుతుంది. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోనూ నూనెలోనూ పలుమార్లు నానబెట్టి ఆరబెట్టడం వల్ల దారం మెత్తబడి రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఈ నూనె వాసన వల్లనే దీనికి 'తేలియా' అన్న పేరు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు దీని సంప్రదాయ వర్ణాలు.

ఒకప్పుడు చీరాల కేంద్రంగా సాగిన ఈ నేత, అరబ్బు దేశాలకు తలపాగా వస్త్రంగా ఎగుమతి కాగా, హైదరాబాదు నిజాం ఆస్థాన స్త్రీలకు దుపట్టాగా కూడా చేరింది. ఎగుమతులు తగ్గి కళ క్షీణించిన దశలో, పుట్టపాక నేతకారులు రుమాలు నమూనాలను చీరలకూ దుపట్టాలకూ మలచి కొత్త గిరాకీని సంపాదించారు. ఈ కృషికి గాను గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించింది. 2020లో వస్త్రానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

నూలు చుట్టడం, ముడులు కట్టడం, రంగు వేయడం, నేయడం ఇంటిల్లిపాదీ పంచుకునే పనులు కావడం వల్ల, ఈ వృత్తి ఊరు విడవకుండానే కుటుంబానికి జీవనాధారమవుతుంది. అయితే మరమగ్గాల నకళ్లను అరికట్టి, శ్రమకు తగిన కూలి అందించినప్పుడే యువతరం మగ్గంపై నిలుస్తుంది.